దలీప్ సింగ్ సౌంద్ చరిత్ర ఎలా రాయాలి: మరుగునపడ్డ అమెరికా ప్రతినిధుల కూపీ లాగే పద్ధతి

దలీప్ సింగ్ సౌంద్ పేరు మనవాళ్ల రాతల్లో ఎక్కడ కనిపించినా ఒకటే వాక్యం: అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన మొట్టమొదటి భారతీయుడు. ఇంకొంచెం తెలిసినవాళ్లయితే, సభలో ఓటు హక్కున్న సభ్యుల్లో ఆసియా మూలాలున్న మొదటివాడూ మొదటి సిక్కూ ఆయనేనని కలుపుతారు. మాట నిజమే. కానీ అది చెప్పి ఊరుకుంటే అసలు మనిషి కనిపించడు. 1956లో దక్షిణ కాలిఫోర్నియా ఎడారిలో ఆయనకు ఓటేసినవాళ్లలో భారతీయులు చాలా కొద్దిమంది. మిగతావాళ్లు లెట్యూస్ ఆకుకూర, పత్తి, అల్ఫాల్ఫా అనే పశుగ్రాసం పండించే రైతులు, చిన్న పట్నాల దుకాణదారులు, కూలిపని చేసుకునే కుటుంబాలు. మొట్టమొదటి భారతీయుణ్ణి పంపించాలన్న ముచ్చటతో వాళ్లు ఓటెయ్యలేదు. మరి ఎందుకేశారు? ఈ ఒక్క ప్రశ్న గట్టిగా పట్టుకుంటే ఎంత మరుగునపడ్డ ప్రతినిధి జీవితమైనా రాయొచ్చని నా నమ్మకం.

నేను ఒక తెలుగు పత్రిక జిల్లా డెస్కులో చాలా కాలం పనిచేశాను. ఎన్నికలప్పుడు మా పని అభ్యర్థి పుట్టుపూర్వోత్తరాలు రాయడం కంటే, ఏ మండలంలో ఎన్ని ఓట్లు పడ్డాయి, ఎందుకు పడ్డాయి అని తేల్చడం. ఇప్పుడు అమ్మాయి వాళ్లతో రివర్‌సైడ్ కౌంటీలో ఉంటున్నాను. ఒకప్పటి సౌంద్ నియోజకవర్గంలో సగం ఈ కౌంటీయే. ఆయన గురించి ఇక్కడ పిల్లలకే తెలియదు. అందుకే ఆయన్నే ఉదాహరణగా పెట్టుకుని, పద్ధతి మొత్తం చెబుతాను. గుంటూరులో కూర్చున్నవాళ్లు కూడా పైసా ఖర్చు లేకుండా ఇందులో చాలా మటుకు చేసుకోవచ్చు.

మొదట ఎముకల గూడు

అమెరికా కాంగ్రెస్‌లో ఒక్కరోజు కూర్చున్నవారికైనా ప్రభుత్వమే నడిపే బయోగ్రాఫికల్ డైరెక్టరీలో ఒక పేరా ఉంటుంది. 1774 నాటి కాంటినెంటల్ కాంగ్రెస్ దగ్గర్నుంచి ఇప్పటిదాకా అందరూ అందులో ఉన్నారు. పుట్టిన తేదీ, చదువు, వృత్తి, పదవులు, ఓటమి, మరణం, ఖననం, అంతే. ఒక్క విశేషణం ఉండదు. అదే దాని గొప్ప. సౌంద్ విషయంలో ఆ పేరా చెప్పేది ఇది: 1899 సెప్టెంబరు 20న అమృత్‌సర్ జిల్లా ఛజ్జల్‌వడ్డిలో పుట్టారు; 1919లో పంజాబ్ విశ్వవిద్యాలయం నుంచి పట్టా; 1920లో అమెరికా; బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1922లో ఎంఏ, 1924లో పీహెచ్‌డీ; కాలిఫోర్నియా ఇంపీరియల్ లోయలో రైతు; అక్కడి వెస్ట్‌మోర్లండ్ ఊళ్లో జడ్జి; 1957 నుంచి 1963 దాకా మూడు విడతలు ప్రతినిధుల సభ; 1973 ఏప్రిల్ 22న మరణం. ఆయన డెమొక్రాట్.

అదే పేజీలో ఆ సభ్యుడి కాగితాలు ఏ గ్రంథాలయంలో ఉన్నాయో చెప్పే విభాగం ఒకటి ఉంటుంది. అది తప్పక చూడండి. అమెరికాలో సభ్యుడి ఆఫీసు ఉత్తరాలు, ఫైళ్లు ఆయన సొంత ఆస్తి. ఇష్టమైతే ఒక విశ్వవిద్యాలయానికి ఇస్తారు, లేకపోతే చెత్తలో వేసినా అడిగేవాళ్లు లేరు. కమిటీల రికార్డులు మాత్రం నేషనల్ ఆర్కైవ్స్‌కి వెళతాయి. ప్రతినిధుల సభవైతే మామూలుగా ముప్పై ఏళ్ల తర్వాత అందరూ చూడొచ్చు. సౌంద్ కాలం నాటివి ఎప్పుడో తెరిచేశారు.

దీని తర్వాత సభ చరిత్రకారుల కార్యాలయం నడిపే హిస్టరీ, ఆర్ట్ అండ్ ఆర్కైవ్స్ సైటుకి వెళ్లండి. అక్కడ పెద్ద వ్యాసం ఉంటుంది. ముందే చదివితే మన ఆలోచన దాని గాడిలో పడిపోతుంది. నేనైతే దాన్ని చివరికి దాచుకుని, నా లెక్కలు సరిచూసుకోవడానికి వాడతాను.

కాగితాన్ని నిలువునా మడవండి

ఈ పని మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను. తెల్లకాగితం నిలువుగా మడిచి, ఎడమ పక్క ఆ మనిషి జీవితంలోని తేదీలు రాయండి. కుడి పక్క ఆ ఏళ్లలో ఆ మనిషికి వర్తించే చట్టాలు, కోర్టు తీర్పులు రాయండి. ఇక వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు, రెండు పక్కలూ ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటాయి.

సౌంద్ కాగితం చూడండి. ఎడమ పక్క: 1920లో బర్క్‌లీకి వచ్చింది ఆహార పదార్థాల నిల్వ గురించి నేర్చుకుని, తిరిగి వెళ్లి మామిడిపండ్లు డబ్బాల్లో నింపే పరిశ్రమ పెట్టాలని. తర్వాత గణితంలోకి మారి 1924లో డాక్టరేట్ తీసుకున్నారు. మర్నాడు కాలేజీలో పాఠాలు చెబుతూ కనిపించాలి కదా? 1925లో మెక్సికో సరిహద్దు పక్కన ఇంపీరియల్ లోయలో పత్తి ఏరే కూలీల ముఠాకి మేస్త్రీగా కనిపిస్తారు. ఎందుకు? కుడి పక్క చూడండి. 1923 ఫిబ్రవరి 19న అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో తీర్పిచ్చింది. భారతీయులు చట్టం చెప్పే అర్థంలో తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరసత్వానికి అనర్హులు అని. కాలిఫోర్నియాలో అప్పటికే 1913, 1920 నాటి భూచట్టాలు పౌరసత్వానికి అనర్హులైన విదేశీయులకు వ్యవసాయ భూమి దక్కకుండా కట్టడి చేశాయి. 1920 చట్టంతో కౌలు దారి కూడా మూసుకుపోయింది. అక్కడి భారతీయ రైతులు తెలిసినవాళ్ల పేర్ల మీద కౌలు పత్రాలు రాయించుకుని సేద్యం చేసేవారు. గణితంలో డాక్టరు లెట్యూస్ రైతు కావడం వెనక ఉన్నది ఇదంతా.

మళ్లీ ఎడమ పక్క: 1928లో మరియన్ కోసాతో పెళ్లి. ఆమె చెక్ వలస కుటుంబం అమ్మాయి, విశ్వవిద్యాలయ విద్యార్థిని. కుడి పక్క: 1922 నాటి కేబుల్ చట్టం. పౌరసత్వానికి అనర్హుడైన విదేశీయుణ్ణి పెళ్లాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వం కూడా పోగొట్టుకుంటుందని అందులో ఉంది. 1931లో గానీ సడలించలేదు. ఈ రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, పెళ్లి ఫొటో మీద ఎన్ని పేజీలు రాసినా రానంత బరువు వస్తుంది.

1946 జులై 2న అధ్యక్షుడు ట్రూమన్ సంతకంతో లూస్–సెల్లర్ చట్టం వచ్చింది. భారతీయులకు పౌరసత్వం తీసుకునే హక్కు, ఏడాదికి వందమంది వలసకి అనుమతి ఇచ్చింది ఇదే. కనెక్టికట్ రిపబ్లికన్ క్లేర్ బూత్ లూస్, న్యూయార్క్ డెమొక్రాట్ ఇమాన్యుయెల్ సెల్లర్ పేర్లు దానికి ఉన్నా, దాని కోసం ఏళ్ల తరబడి తిరిగిన భారతీయుల్లో సౌంద్ ఒకరు. ఆయన ఇండియా అసోసియేషన్ ఆఫ్ అమెరికాకి అధ్యక్షుడుగా పనిచేశారు.

అసలు కథ తర్వాత. 1949 డిసెంబరు 16న ఆయన పౌరుడయ్యారు. 1950 నవంబరులో వెస్ట్‌మోర్లండ్‌లో జస్టిస్ కోర్టు జడ్జి పదవికి నిలబడి గెలిచారు. కానీ కుర్చీ ఇవ్వలేదు. ఎన్నికయ్యే నాటికి పౌరసత్వం ఏడాది నిండలేదన్నారు. తేదీలు లెక్కపెట్టండి, కొద్ది వారాలే తక్కువ. 1952లో మళ్లీ నిలబడ్డారు, 13 ఓట్ల తేడాతో గెలిచారు.

ఇప్పుడు కుడి పక్క అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం, రెండో సెక్షన్ రాయండి. ప్రతినిధుల సభ సభ్యుడికి 25 ఏళ్ల వయసు, ఏడేళ్ల పౌరసత్వం, ఎన్నికైన నాటికి ఆ రాష్ట్రంలో నివాసం ఉండాలి. 1956 ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే ముందస్తు ఎన్నికలో, ఆయన సొంత పార్టీ ప్రత్యర్థి ఇదే పట్టుకుని కోర్టుకెక్కాడు. పోలింగ్ నాటికి సౌంద్‌కి ఏడేళ్లు నిండవు మరి. కోర్టులో ఆ వాదన నిలవలేదు. నివాసం నిబంధనలాగా పౌరసత్వాన్ని ఎన్నిక రోజుకి ముడిపెట్టలేదు, సభలో కూర్చునే నాటికి నిండితే చాలు. 1956 డిసెంబరు 16కి నిండాయి. ప్రమాణ స్వీకారం 1957 జనవరి 3న. పద్దెనిమిది రోజుల ముందు! ఒకసారి కొద్ది వారాల తక్కువతో జడ్జి కుర్చీ పోగొట్టుకున్న మనిషి, ఇంకోసారి పద్దెనిమిది రోజుల ఎక్కువతో కాంగ్రెస్‌లో అడుగుపెట్టాడు. ఎవరో చెబితే తెలిసింది కాదిది, కాగితం మడిచి తేదీలు పేర్చితే కంటికి కనిపించింది. మీరు ఎంచుకున్న సభ్యుడి విషయంలోనూ ఇలాంటిదొకటి ఎక్కడో దాగి ఉంటుంది. అది దొరికేదాకా రాయడం మొదలుపెట్టకండి.

నియోజకవర్గం చదవడం

సౌంద్ గెలిచింది కాలిఫోర్నియా 29వ జిల్లా నుంచి. రివర్‌సైడ్, ఇంపీరియల్ కౌంటీలు కలిపి ఒక నియోజకవర్గం. పటం ముందు పెట్టుకోండి. ఇంపీరియల్ లోయలో చాలా భాగం సముద్రమట్టానికి దిగువన ఉంటుంది. వాన దాదాపు ఉండదు. కొలరాడో నది నుంచి ఆల్ అమెరికన్ కెనాల్ తెచ్చే నీళ్లే అక్కడి ప్రాణం. తుంగభద్ర ఎగువ కాలువ ఆయకట్టు చూసినవాళ్లకి ఇది వేరే విడమరిచి చెప్పక్కర్లేదు: కాలువ ఉన్నంతమేరే ఊళ్లు, ఆ తర్వాత మట్టి. అలాంటి చోట నీళ్లు, కూలీల లభ్యత, పంట ధర, ఈ మూడింటి గురించి మాట్లాడగలిగినవాడే నాయకుడు. సౌంద్ ఆ మూడింటితో ముప్పై ఏళ్లుగా కుస్తీ పడుతున్న రైతు. లెట్యూస్ వేసి నష్టపోయాడు, 1930ల మాంద్యంలో అప్పులపాలయ్యాడు, దివాలా పిటిషన్ పెట్టకుండా తీర్చుకొచ్చానని తన ఆత్మకథలో రాసుకున్నాడు. పొరుగు రైతులు ఇది కళ్లారా చూశారు.

ఓట్ల లెక్కకి ప్రతినిధుల సభ క్లర్కు కార్యాలయం 1920 నుంచి ప్రతి ఎన్నికకీ ఒక పుస్తకం వేస్తోంది. అన్నీ పీడీఎఫ్‌లుగా దొరుకుతాయి. 1956ది తెరిచి కాలిఫోర్నియా, 29 చూడండి. సౌంద్ గెలిచింది సుమారు 3,300 ఓట్ల తేడాతో. ఓడిపోయింది ఎవరనుకున్నారు? రిపబ్లికన్ అభ్యర్థి జాక్వెలిన్ కాక్రన్. 1953లో ధ్వనివేగాన్ని దాటి విమానం నడిపిన మొదటి మహిళ, రెండో ప్రపంచయుద్ధంలో మహిళా పైలట్ల దళానికి నాయకురాలు, పెద్ద ధనవంతుడి భార్య. ప్రచారానికి సొంత విమానం తనే నడుపుకుంటూ తిరిగింది. పైగా అదే రోజు అధ్యక్ష ఎన్నిక కూడా, అందులో రిపబ్లికన్ ఐసెన్‌హోవర్ కాలిఫోర్నియాని గెలుచుకున్నాడు. అంటే పైన రిపబ్లికన్‌కి ఓటేసి, కింద కాగితంలో సౌంద్‌కి వేసినవాళ్లు గణనీయంగా ఉన్నారన్నమాట. మనం క్రాస్ ఓటింగ్ అంటామే, అదే. చరిత్ర రాసేవాళ్లు తరచూ ఆమె కీర్తి గురించి రాసి వదిలేస్తారు. నన్నడిగితే ఆ క్రాస్ ఓటింగే ఆ ఎన్నికకి తాళంచెవి. సౌంద్ కుటుంబం, స్నేహితులు ఇంటింటికీ తిరిగి కొత్త ఓటర్లను నమోదు చేయించారు. 1950ల్లో అమెరికాలోనూ ఓటు పని ఇలా కాళ్లతోనే జరిగేది.

కౌంటీల వారీ అంకెలు కావాలంటే క్లర్కు పుస్తకంలో దొరకవు. రాష్ట్రంలో ఎన్నికల పని చూసే అధికారి, సెక్రటరీ ఆఫ్ స్టేట్, ప్రచురించే స్టేట్‌మెంట్ ఆఫ్ వోట్ చూడాలి. పాతవి కొన్ని ఆన్‌లైన్‌లో ఉంటాయి, లేనివాటికి రాష్ట్ర గ్రంథాలయానికి మెయిల్ పెడితే స్కాన్ చేసి పంపమని అడగొచ్చు. ఫలానా ఏడు, ఫలానా పదవి, ఫలానా కౌంటీలు అని సూటిగా రాయండి. "ఆయన గురించి ఏమున్నా పంపండి" అని రాస్తే పని జరగదు.

పాత పత్రికలు

కాలిఫోర్నియాకి సంబంధించినంతవరకు కాలిఫోర్నియా డిజిటల్ న్యూస్‌పేపర్ కలెక్షన్ ఒక నిధి. ఉచితం. పామ్ స్ప్రింగ్స్ నుంచి వచ్చే డెజర్ట్ సన్ అందులో ఉంది, అది సౌంద్ నియోజకవర్గం పత్రికే. పక్క కౌంటీది శాన్ బెర్నార్డినో సన్ కూడా ఉంది. పేరు ఒక్కటే కొట్టి వెతక్కండి. ఈ పత్రికల అక్షరాలను యంత్రం చదువుతుంది. అరిగిన అచ్చులో ఇంగ్లిష్ 'ఎ'ని 'ఓ'గా చదివితే సౌంద్ కాస్తా సౌండ్ అయి కూర్చుంటుంది. అందుకే "జడ్జ్ సౌంద్", "డాక్టర్ సౌంద్", "డీ.ఎస్. సౌంద్", "వెస్ట్‌మోర్లండ్ జడ్జ్" అని రకరకాలుగా వెతకాలి. ప్రత్యర్థి పేరుతోనూ వెతకండి. కాక్రన్ ఇంటిపేరు కొన్నిచోట్ల ఆడ్లమ్ అని ఉంటుంది, అది భర్త పేరు.

ప్రచార వార్తలు చదివేటప్పుడు మొదటి పేజీ కంటే లోపలి పేజీల మీద దృష్టి పెట్టండి. ఏ క్లబ్బులో మాట్లాడారు, ఏ రైతు సంఘం భోజనానికి పిలిచింది, ఎవరు పక్కన నిలబడ్డారు. మన దగ్గర జిల్లా ఎడిషన్‌లో చిన్న వార్తలు చూసి నాయకుడి బలగం అంచనా వేస్తామే, సరిగ్గా అదే పని. సౌంద్‌కి టోస్ట్‌మాస్టర్స్ అనే ఉపన్యాసకళ సాధన క్లబ్బులో మాట్లాడే అలవాటు ఏళ్ల నాటిది. ఊరూరా తిరిగి భారతదేశం గురించి ఉపన్యాసాలిచ్చేవారు. ఓట్లడగడానికి వెళ్లేసరికే ఆ గొంతు జనానికి తెలుసు.

జనగణన ఫారాలు కూడా చూడండి. అమెరికాలో 72 ఏళ్ల తర్వాత ఇంటింటి వివరాలు తెరుస్తారు. 1950వి 2022 ఏప్రిల్ 1న తెరిచారు. ఒక జాగ్రత్త: 1930, 1940 ఫారాల్లో భారతీయులందరికీ జాతి గడిలో హిందూ అనే రాయాలని ఎన్యూమరేటర్లకి ఆదేశం. సిక్కైనా ముస్లిమైనా అంతే. అది చూసి మతం గురించి ఏమీ తేల్చకండి.

ఆత్మకథని ఎలా చదవాలి

సౌంద్ రెండు పుస్తకాలు రాశారు. 1930లో "మై మదర్ ఇండియా". అమెరికన్ రచయిత్రి కేథరిన్ మేయో భారతదేశాన్ని దుయ్యబడుతూ రాసిన పుస్తకానికి జవాబుగా కాలిఫోర్నియాలోని స్టాక్టన్ గురుద్వారా రాయించింది. 1960లో ఆత్మకథ, "కాంగ్రెస్‌మన్ ఫ్రమ్ ఇండియా". రెండింటి మధ్య ముప్పై ఏళ్లు. మొదటిది రాసినప్పుడు ఆయనకి ఓటు లేదు, వస్తుందన్న ఆశ కూడా లేదు. రెండోది రాసినప్పుడు సభలో ఉన్నారు, అది ఎన్నికల సంవత్సరం. రెండింటినీ ఒకేలా చదవడం అన్యాయం. ఆత్మకథలో లింకన్, విల్సన్‌ల మీద భక్తి, అమెరికా మీద కృతజ్ఞత పొంగుతూ ఉంటాయి. అవి అబద్ధమని నేననను, ఆయన మనసారా నమ్మారు. కానీ అవమానాల గురించి తక్కువ మాట్లాడారు. ఆ తక్కువ మాట్లాడిన చోటే మీ మడిచిన కాగితం కుడి పక్క పనికొస్తుంది.

ఆ పుస్తకంలో ఒక సంగతి ఉంది. జడ్జిగా పోటీ చేస్తున్న రోజుల్లో ఒక రెస్టారెంట్లో అందరి ముందూ ఒకాయన అడిగాడట: నువ్వు గెలిస్తే కోర్టుకి రావడానికి మాకు తలపాగాలు నువ్విస్తావా, మేమే కొనుక్కోవాలా అని. మనిషి తల మీద ఏముందన్నది నాకు పట్టదు, లోపల ఏముందన్నదే నాకు కావాలి అని సౌంద్ జవాబు. ఇది ఆయన చెప్పుకున్న కథ, అలాగే రాయాలి: "తన పుస్తకంలో రాసుకున్నారు" అని. అయినా ఇది వదిలెయ్యకూడని ముక్క. ఎగతాళి ఏ రూపంలో వచ్చిందో, దాన్ని ఊరి భాషలోనే ఎలా తిప్పికొట్టారో తెలుస్తుంది.

సభలో ఏం చేశారు

కాంగ్రెషనల్ రికార్డ్ అంటే సభలో మాట్లాడినదంతా అచ్చయ్యే పత్రం. గవ్‌ఇన్ఫో అనే ప్రభుత్వ సైటులో 1873 నుంచి బౌండ్ సంపుటాలు ఉన్నాయి. ప్రతి సంపుటానికీ సూచిక ఉంటుంది. సభ్యుడి పేరు కింద పెట్టిన బిల్లులు, సవరణలు, మాట్లాడిన పేజీలు వరసగా ఉంటాయి. ఆ సూచికతో మొదలుపెట్టండి. ఒక్క హెచ్చరిక. సభ్యులు తమ మాటల్ని తర్వాత సవరించుకోవచ్చు, మాట్లాడని ప్రసంగాన్ని కూడా అచ్చు వేయించుకోవచ్చు. నోరు తెరవని మాటలకి గుర్తు పెట్టడం 1978 తర్వాతే మొదలైంది. సౌంద్ కాలం నాటి రికార్డు చూసి "సభ దద్దరిల్లేలా ప్రసంగించారు" అని రాయకండి. "రికార్డులో ఉంది" అనడం చాలు.

1957 పౌరహక్కుల బిల్లు మీద చర్చ తప్పకుండా చదవండి. ఒక రాష్ట్రంలో 13 కౌంటీల్లో, 1957లో, ఓటరుగా నమోదైన నల్లజాతి మనిషి ఒక్కరు కూడా లేరన్న నిజాన్ని ఎంత తర్కం, ఎంత లా పాయింటూ కప్పిపెట్టలేవు అని ఆయన అన్నది అందులో ఉంది. వచ్చి ఆరు నెలలైనా నిండని కొత్త సభ్యుడు, ఓటు హక్కు కోసం తాను మూడు దశాబ్దాలు ఎదురుచూసినవాడు. జూన్ 18న సభ ఆ బిల్లుని 286–126తో ఆమోదించింది. ఆ అంకెలు వోట్‌వ్యూ, గవ్‌ట్రాక్ సైటుల్లో సభ్యుడి పేరుతో సహా చూడొచ్చు.

మొదటి విడతలోనే విదేశీ వ్యవహారాల కమిటీలో చోటు దొరకడం అరుదు. ఆయనకి దొరికింది. 1957 చివర్లో చాలా ఆసియా దేశాలు తిరిగారు, పుట్టిన ఊరు చూశారు. ఈ పర్యటన గురించి అందరూ రాస్తారు, ఫొటోలున్నాయి కాబట్టి. నాకు అంతకంటే ఆసక్తి 1961 మీద. కెనెడీ సొంత పార్టీ అధ్యక్షుడు. విదేశీ సహాయానికి ఏటా సభని అడగక్కర్లేకుండా చాలా ఏళ్లకి సరిపడా అప్పు తెచ్చుకునే అధికారం కావాలన్నాడు. దాన్ని తీసేసి ఏటా సభే డబ్బు మంజూరు చెయ్యాలని సవరణ పెట్టింది సౌంద్. సభ దాన్ని ఒప్పుకుంది. భారతదేశానికి సహాయం పెరగాలని కోరుకునేవాడే, ఆ సహాయం ఖజానా తాళాలు అధ్యక్షుడి చేతికివ్వకూడదన్నాడు. "మొట్టమొదటి" అనే బిరుదు వెనక ఈ గట్టి మనిషి కనిపించడు. ఒక సాంకేతిక విషయం గుర్తుంచుకోండి: అప్పట్లో సవరణల మీద వరసగా నడిపించి తలలు లెక్కపెట్టేవారు, పేర్లు రాసేవారు కాదు. 1970 నాటి సంస్కరణ చట్టం తర్వాతే పేర్లతో లెక్క మొదలైంది. కాబట్టి అంతకుముందు కాలంలో సవరణ ఓటింగులో మీ సభ్యుడి పేరు దొరక్కపోతే ఆయన గైర్హాజరు అయ్యారని అర్థం కాదు.

పతనం, మరుపు

1962 మే 1న వాషింగ్టన్ వెళ్లే విమానంలో ఆయనకి పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. ఎవరి సాయం లేకుండా నడవలేరు. ఆ నవంబరులో అభ్యర్థిగా ఆయన పేరే ఉంది. నియోజకవర్గాల పునర్విభజనతో నంబరు 38 అయింది. ప్రచారం భార్యా స్నేహితులూ చేశారు. రిపబ్లికన్ ప్యాట్రిక్ మార్టిన్ చేతిలో ఓడిపోయారు. తర్వాత పదేళ్లు బతికినా మళ్లీ ప్రజాజీవితంలోకి రాలేదు. అమెరికా కాంగ్రెస్‌లో ఇంకో భారతీయ మూలాల సభ్యుడు రావడానికి 2005 దాకా పట్టింది, అది బాబీ జిందాల్. ఆ ఏడాదే టెమెక్యులాలో ఒక పోస్టాఫీసుకి సౌంద్ పేరు పెడుతూ చట్టం చేశారు. 2007లో సభలో చిత్రపటం పెట్టారు.

మరుగునపడడానికి కారణం రాసేటప్పుడు జాతి వివక్ష ఒక్కటే అని తేల్చకండి. మాట పోయిన మనిషి ఇంటర్వ్యూలు ఇవ్వలేడు, వారసుణ్ణి నిలబెట్టలేడు. పెద్ద చట్టానికి ఆయన పేరు అంటలేదు. మూడు విడతలే ఉన్నారు. ఈ మామూలు కారణాలు కూడా కాగితం మీద ఉండాలి. కుటుంబం దాచిన ఫొటోలు, ఉత్తరాలు, ప్రచార కరపత్రాలు సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. ఇంటి నుంచే చూడొచ్చు. కరపత్రాల్లో ఆయన తనని తాను ఓటర్లకి ఎలా పరిచయం చేసుకున్నారో గమనించండి.

రాష్ట్ర శాసనసభ సభ్యుల గురించి రాయాలనుకునేవాళ్లకి ఒక మాట. మనకి దగ్గర ఉదాహరణ ఉపేంద్ర చివుకుల. నెల్లూరులో పుట్టి, గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ మేయరుగా పనిచేసి, 2002 జనవరి నుంచి 2014 దాకా న్యూజెర్సీ అసెంబ్లీలో 17వ జిల్లా ప్రతినిధిగా ఉన్నారు. 2012లో కాంగ్రెస్‌కి పోటీచేసి ఓడిపోయారు. ఇలాంటివారి గురించి వాషింగ్టన్ సైటుల్లో వెతికితే లాభం లేదు. న్యూజెర్సీ శాసనసభ సైటులో సభ్యుడి పేరుతో బిల్లులు తీయాలి, టౌన్‌షిప్ కౌన్సిల్ మినిట్స్ అడగాలి, ఓట్లకి రాష్ట్ర ఎన్నికల విభాగం పట్టికలు చూడాలి. ఆ పట్టికలు చదివేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది: న్యూజెర్సీలో ఒక్కో జిల్లా నుంచి ఇద్దరు అసెంబ్లీ సభ్యులు గెలుస్తారు. ఓటరుకి రెండు ఓట్లుంటాయి. కాబట్టి గెలుపు తేడా చూడాల్సింది మొదటి ఇద్దరి మధ్య కాదు, రెండో స్థానానికీ మూడో స్థానానికీ మధ్య.